చూసిన అన్న వారం, చూడలే అన్న వారం

ఒక మనిషి గది దాటి వెళ్లాక, ఇంకో మనిషి మెట్లెక్కి వచ్చేలోపు నాకు కాసింత సమయం మిగులుతుంది. అందులోనే నీళ్లు తాగాలి, కిటికీ తెరవాలి, విన్నది రాయాలి. ఏళ్ల తరబడి ఇదే నా పని. హన్మకొండలో ఒక రక్తపరీక్షల ల్యాబు మీది అంతస్తులో నాకొక గది ఉంది. కింద సూదికి భయపడి ఏడ్చే పిల్లల గొంతులు పైకి వినిపిస్తాయి. నా దగ్గర ఏడ్చేవాళ్ల గొంతులు కిందికి వినపడకూడదని ఫ్యాను పెద్దగా తిప్పుతాను. కౌన్సెలింగ్ అంటే నాలుగు మంచిమాటలు చెప్పి పంపడమని చాలామంది అనుకుంటారు. చెప్పేది తక్కువ, వినేది ఎక్కువ. కానీ సాయంత్రానికి నన్ను కుర్చీలోంచి లేవనీయకుండా చేసేది మాత్రం రాత.

ఆ రాతలో కథలేమీ ఉండవు. ఎవరు వచ్చారు, ఏ ఇబ్బందితో వచ్చారు, ఏమన్నారు, ప్రాణం తీసుకునే ఆలోచన ఏమైనా ఉందా, మళ్లీ ఎప్పుడు రమ్మన్నాను. వాళ్లన్నది వాళ్ల మాటల్లో రాస్తాను. నాకనిపించింది కింద, గీత కొట్టి వేరుగా రాస్తాను. ఫైలు మీద పేరుండదు, అంకె ఉంటుంది. ఏ అంకె ఎవరిదో చెప్పే కాగితం వేరే అరలో, వేరే తాళం కింద ఉంటుంది. ఇవన్నీ కంప్యూటర్లో పెట్టుకోవచ్చు కదా అని తెలిసినవాళ్లు అంటారు. పెట్టుకోవచ్చు. కానీ నాకు చేత్తో రాస్తేనే ఆ మనిషి ఎదురుగా కూర్చున్నట్టుంటుంది. ఇక ఈ వయసులో మార్చుకునే ఓపిక కూడా లేదు.

రాయకపోతే ఏమవుతుందో నాకు తెలుసు. మనుషులు కలిసిపోతారు. ఒకరి అత్త ఇంకొకరి అత్తలా గుర్తుంటుంది. స్టేషన్ ఘన్‌పూర్ నుంచి వచ్చే ఒక రైతు మూడు నెలలు నా దగ్గరికి తిరిగి, కుదుటపడి మానేశాడు. చాలా ఏళ్ల తర్వాత మళ్లీ వచ్చాడు, జుట్టు నెరిసి. "అప్పుడు నేను ఏమేం చెప్పిన మేడం? నాకేం యాదికి లేదు. మల్ల మొదటి నుంచి చెప్పే తాకత్ లేదు" అన్నాడు. ఫైలు తీసి చదివాను. తనే అన్న మాటలు చివరిదాకా విన్నాడు. తర్వాత నెమ్మదిగా నవ్వి, "గంత కష్టంల కూడ బతికిన్నా నేను" అన్నాడు. రాయడం మీద విసుగొచ్చినప్పుడల్లా ఆ నవ్వు తలుచుకునేదాన్ని. కొన్నాళ్లుగా అది కూడా సాయపడటం లేదు. దానికి కారణం ఒక బస్సు కండక్టర్.

ఆమెను ప్రభుత్వ దవాఖాన డాక్టరు చీటీ రాసి పంపాడు. నలభై దాటిన మనిషి. ములుగు దారిలో, అడవి ఊళ్ల దాకా వెళ్లే బస్సులో పని. ఆడవాళ్లకు ఉచిత ప్రయాణపు జీరో టికెట్ వచ్చాక ఆ బస్సులో నిలబడే చోటు కూడా దొరకదు. ఒక మధ్యాహ్నం అలాంటి రద్దీలో, మూల మీది స్టాపులో ఒక ముసలావిడ వెనక తలుపు నుంచి దిగుతోంది. చేతిలో మందుల సంచి. ఆమె పూర్తిగా దిగిందో లేదో, విజిల్ పడింది, బస్సు కదిలింది. ముసలావిడ రోడ్డు మీద పడింది, తలకు దెబ్బ తగిలింది. రెండు రోజులు దవాఖానలో ఉండి చనిపోయింది.

విజిల్ వేసింది ఈమె.

మొదటిరోజు వచ్చి కుర్చీ అంచు మీద కూర్చుంది. ఒంటి మీద ఖాకీ లేదు, నూలు చీర కట్టుకుంది. అయినా కూర్చునే తీరులో డ్యూటీ ఉంది. భుజం మీద లేని సంచీని సర్దుకుంటున్నట్టు మాటిమాటికీ చెయ్యి పైకి పోయేది.

"నిద్ర పడ్తలేదు మేడం. విజిల్ చేతిల పట్టుకుంటె నోటి దాక పోతలేదు. డ్యూటీకి పోదామని బస్టాండు దాక పోత, గేటు కాడి నుంచి తిరిగి వస్త."

నేను కలం తీశాను. ఆమె మాట ఆపేసింది.

"మీరు రాస్తాండ్రా?"

"కొంచెం. మర్చిపోకుండా."

"రాయకుండ్రి. రాసుడైతే నేను మాట్లాడ."

కలం మూసి బల్ల మీద పెట్టాను. ఆమె దాని వైపే చూస్తూ ఉండిపోయింది. కాసేపటికి తనే చెప్పింది. ప్రమాదం జరిగిన రోజు నుంచి ఆమె మాటలు ఎన్నో చోట్ల కాగితమెక్కాయి. డిపోలో ఒక అధికారి రాసుకున్నాడు, స్టేషన్లో పోలీసులు రాసుకున్నారు, తర్వాత విచారణకు వచ్చిన వేరే అధికారి రాసుకున్నాడు.

"నేనొకటి అంటె కాయితం మీద ఇంకోటి ఉంటది మేడం. 'బస్సు ఆగింది, అందరు దిగుతాండ్లు, నేను విజిల్ ఏసిన' అన్న. చదివి చూస్తె 'అందరు దిగకముందే విజిల్ వేసినట్టు ఒప్పుకున్నది' అని ఉన్నది. సంతకం పెట్టుమన్నరు, పెట్టిన. గప్పుడు నా తలకాయ నా మీద లేదు."

ఇలాంటి మాట నేను చాలామంది దగ్గర విన్నాను. రాయొద్దనేవాళ్లు కొత్త కాదు. పెళ్లి కుదరదని, ఉద్యోగం పోతుందని, ఇంట్లో తెలుస్తుందని భయపడతారు. వాళ్లకు తాళాలు చూపిస్తాను, అంకెలు చూపిస్తాను, చాలావరకు ఒప్పుకుంటారు. ఈమె భయం తాళాలతో తీరేది కాదు. అందుకే ఉన్నదున్నట్టు చెప్పాను.

"మీ ముంగట రాయను. కానీ మీరు పోయినంక రాస్త. రాయకుండా ఈ పని చెయ్యరాదు. రాసింది మళ్లీసారి మీరొచ్చినప్పుడు మొదట చదివి వినిపిస్త. తప్పుంటే తప్పని చెప్పుండ్రి, అక్కడికక్కడ దిద్దుత. దిద్దినట్టు ఇద్దరం సంతకం పెడుదాం."

"చదివినంక సంతకమా, చదవకముందా" అని అడిగింది.

"చదివినంకనే."

"గట్లయితే సరే."

అలా మొదలైంది. వారానికోసారి వచ్చేది. ముందు నేను చదివేదాన్ని, ఆమె కళ్లు మూసుకుని వినేది. ఒకసారి "ఇంటి సంగతి చెబుతూ ఏడ్చారు" అని చదివాను. "ఏడ్వలే. కండ్లల్ల నీళ్లు తిరిగినయ్, గంతే" అంది. దిద్దాను. ఇంకోసారి "భర్త మాట్లాడటం లేదు" అని రాశాను. "మాట్లాడుతడు. ఆ ముచ్చట మాట్లాడడు" అంది. అదీ దిద్దాను. నిజం చెప్పాలంటే నాకిది భారమే. ఉన్న కాస్త సమయంలో పది మాటలు గబగబా గీకి పడేసే అలవాటు నాది. ఈమె కోసం ప్రతి మాటా కూర్చుని, ఆమె చెవితో ఒకసారి విని రాయాల్సి వచ్చేది. ఆమె వచ్చే రోజు సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి మెడలో నరం పట్టేసేది.

మెల్లగా ఆమె కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చోవడం మొదలుపెట్టింది. 'మేడం' పోయి 'అక్కా' వచ్చింది.

ఒక వారం ప్రమాదం సంగతి మొత్తం చెప్పింది. మిషన్లో టికెట్ కొడుతూ తలెత్తి వెనక తలుపు వైపు చూశానని, ముసలావిడ కాలు నేల మీద ఉందని, అది కళ్లారా చూసే విజిల్ వేశానని. ముసలావిడ చీర అంచు రంగు కూడా చెప్పింది. "చూసిన అక్కా. ఒట్టు. చూసే ఏసిన."

తర్వాతి వారం వచ్చి, నేను చదివింది కళ్లు మూసుకుని వింది. తర్వాత నా వైపు చూడకుండా అంది.

"నేను చూడలే అక్కా."

చేతిలో ఉన్న ఫైలు మూసి పక్కన పెట్టాను.

"మిషన్ల రోల్ అయిపోయింది. కొత్త కాయితం ఎక్కించుకుంట ఉన్న. ఎవరో 'పోనీయ్ పోనీయ్' అన్నరు. తల లేపకుంటనే ఊదిన. కాలు నేల మీద ఉన్నదని నేనెట్ల చెప్తాన? చూడనోళ్లెట్ల చెప్తరు?"

అప్పుడు మాత్రం ఏడ్చింది. దాన్ని ఆమె కూడా కాదనలేదు.

ఆమె వెళ్లాక చాలాసేపు కలం పట్టుకుని కూర్చున్నాను. బయట ఇంకొకరు ఎదురుచూస్తున్నారు, వాళ్ల చెప్పుల చప్పుడు వినిపిస్తోంది. ఏం రాయాలి? అన్నది అన్నట్టు రాస్తే, ముందు వెనకలు తెలియనివాళ్లకు అది నేరం ఒప్పుకోవడంలా కనిపిస్తుంది. రాయకపోతే, ఆమె మోస్తున్న బరువంతా ఈ ఫైల్లో లేకుండా పోతుంది. పైగా అది ఒప్పుకోలని నేను నమ్మలేదు. ఇలాంటి ప్రమాదం జరిగినవాళ్ల మనసు రాత్రింబవళ్లు ఆ ఒక్క క్షణం చుట్టే తిరుగుతుంది. తిరిగిన ప్రతిసారీ ఒక కొత్త బొమ్మ గీస్తుంది. తప్పు తనదే అనుకున్న రోజు ఒకలా, కాదనుకున్న రోజు ఇంకోలా. రెండూ కళ్లకు కట్టినట్టే ఉంటాయి.

చివరికి ఇలా రాశాను: 'ఈ రోజు, తాను వెనక తలుపు వైపు చూడకుండానే విజిల్ వేశానన్నారు. పోయిన వారం చూసే వేశానన్నారు. రెండుసార్లూ అంతే నమ్మకంగా చెప్పారు.' గీత కింద నా మాట: 'జ్ఞాపకం ఇంకా కుదురుకోలేదు. అపరాధ భావం చాలా ఎక్కువగా ఉంది. ఏది జరిగిందో తేల్చడం ఇక్కడి పని కాదు.'

మరుసటి వారం అది చదివి వినిపించాను. దిద్దమంటుందేమో అనుకున్నాను. "అట్లనే ఉండనియ్యి" అంది. ఆమె నన్ను 'మీరు' అనకపోవడం అదే మొదటిసారి.

ఆ తర్వాత ఆమె కాస్త తేరుకుంది. ముందు బస్టాండులో కూర్చుని రావడం, తర్వాత ప్రయాణికురాలిగా రెండు స్టాపులు పోయి రావడం. నిద్ర కూడా కొంచెం వచ్చేది. ఇంకొన్నాళ్లకు ఈ ఫైలు మూసేయొచ్చు అనుకున్నాను. నా పనిలో సంతోషం అంటే దాదాపు అదే.

అప్పుడే కోర్టు నుంచి సమన్లు వచ్చాయి.

చనిపోయిన ముసలావిడ ఇంటివాళ్లు నష్టపరిహారం కోసం కేసు వేశారు. అది వాళ్ల హక్కు. ఈమె సెలవు దరఖాస్తుకు జతచేసిన డాక్టరు చీటీలో 'కౌన్సెలింగ్ అవసరం' అన్న ముక్క వాళ్ల వకీలు కంటపడింది. కండక్టర్ కౌన్సెలర్‌కు ఏం చెప్పిందో చూడాలని కోర్టును అడిగాడు. ఫలానా రోజు ఫైలు తీసుకుని హాజరు కమ్మని నాకు కాగితం. ల్యాబు కుర్రవాళ్లు కోర్టు మనిషిని చూసి బెదిరిపోయి, వెంటబెట్టుకుని పైకి తీసుకొచ్చారు. సంతకం పెట్టి తీసుకున్నాను.

ఆ రోజు నా దగ్గరికి రావాల్సినవాళ్లు ఇంకా ఇద్దరు ఉన్నారు. వాళ్లు చెప్పింది విన్నానో లేదో నాకే నమ్మకం లేదు. వాళ్లు పోయాక బీరువా తెరిచి ఆమె ఫైలు మొదటి నుంచి చదివాను. వానాకాలం కావడంతో బీరువా వెనక గోడ చెమ్మెక్కి, కాగితాలు మెత్తబడి ఉన్నాయి. ఆ ఒక్క పేజీ దగ్గర ఆగాను. ఒక్క పేజీ. చించేస్తే ఎవరికీ తెలియదు. నేనేమీ అబద్ధం చెప్పక్కర్లేదు కూడా, లేనిదాన్ని లేదనడమే.

నాకు ఈ పని నేర్పిన పెద్దావిడ హైదరాబాదులో ఉంటుంది. కళ్లు సరిగా కనిపించవు, చెవులు మాత్రం బాగా పనిచేస్తాయి. ఆమెకు ఫోన్ చేసి, ఎవరి సంగతో చెప్పకుండా, జరిగింది చెప్పాను.

"చించాలని ఉందా?" అంది.

"ఉంది."

"ఎందుకు? ఆమె కోసమా, నీ కోసమా?"

"తెలీదు. అలిసిపోయినమ్మా. కోర్టు మెట్లెక్కే ఓపిక లేదు."

"ఆ మాట చెప్పు. అలిసిపోయిన మనిషికి చించడం సులువుగా కనిపిస్తది. ఒక పేజీ తీసేస్తే మిగిలిన పేజీలకు కూడా విలువ పోతది. నీ బీరువాలో ఉన్న అందరి పేజీలకూ పోతది. ముందు ఆ అమ్మాయికి చెప్పు. తర్వాత ఫైలు కవర్లో పెట్టి సీలు వేసి జడ్జి చేతికే ఇయ్యి. వకీళ్ల చేతికి కాదు. ఎందుకు తెరవొద్దో ఒక కాగితం మీద రాసి ఇయ్యి. ఆపైన నీ చేతిలో లేదు."

చివరిమాట విన్నాక నాకు కొంచెం ఊపిరి ఆడింది.

ఆమెకు కబురు చేశాను. వచ్చింది. విషయం చెప్పి, ఫైలు ఆమె ముందు పెట్టాను. విని సంతకం పెట్టడమే తప్ప తన ఫైలు తను చేత్తో పట్టుకుని చదవడం ఆమెకు అదే మొదలు. వేలితో వరసలు పట్టుకుని చదువుకుంటూ పోయింది. మొదటి పేజీల దగ్గర, "గంత ఖరాబుగ ఉంటినా" అంది. ఆ పేజీకి వచ్చాక వేలు ఆగిపోయింది.

"గిది తీసెయ్యి అక్కా."

"తియ్యరాదు."

"నువ్వే కదా తప్పుంటె దిద్దుతనన్నవు."

"తప్పుంటే దిద్దుత. ఇది మీరనలేదా?"

"అన్న. కని నీ కాడ అన్న. కోర్టుల అనలే కద."

ఆమె అన్నది నిజం. నా గదిలో అన్న మాట వేరు, బోనులో అనే మాట వేరు. ఆ తేడాను నేను ఎంత నమ్మినా, వకీళ్ల దగ్గర చెప్పిన మాటకు చట్టంలో ఉన్న రక్షణ మా దగ్గర చెప్పిన మాటకు అంత గట్టిగా లేదు. సీలు వేస్తానని, తెరవొద్దని అడుగుతానని, ఆమె వకీలుతో కూడా అడిగించమని చెప్పాను. ఆమె వినలేదు.

"అందరు గంతే. రాసుకుంటరు. మంచిగ మాట్లాడి రాసుకుంటరు, మంచిగ మాట్లాడక రాసుకుంటరు. గంతే తేడా."

గొంతు పెంచలేదు. ఫైలు మూసి, అంచులు సమంగా సర్ది, నా వైపు జరిపి లేచి వెళ్లిపోయింది. తర్వాతి వారం రాలేదు. ఆ పై వారం కూడా రాలేదు. నేను ఫైల్లో 'రాలేదు' అని రాసుకున్నాను. మళ్లీ 'రాలేదు' అని రాశాను. వచ్చినవాళ్ల గురించి రాసి అలిసిపోతాననుకునేదాన్ని. ఆ ఒక్క మాట రాయడానికి ఇంకా ఎక్కువ ఓపిక కావాల్సి వచ్చింది.

కోర్టుకు వెళ్లాను. కారిడార్లో బెంచీ మీద ఒక చివర నేను, ఎదురు బెంచీ మీద ఆమె, ఆమె భర్త. ఆమె నన్ను చూసి చూపు తిప్పుకుంది. ఇంకో పక్క ముసలావిడ కోడలు, టిఫిన్ డబ్బా ఒళ్లో పెట్టుకుని గోడకు తల ఆనించి కూర్చుంది. ములుగు అవతలి ఊరి నుంచి తెల్లారకముందే బయల్దేరి వచ్చిందని తర్వాత తెలిసింది. పిలిచేసరికి మధ్యాహ్నమైంది. జడ్జిగారికి కవరు, దానితో నా కాగితం ఇచ్చాను. ఆయన కాగితం చదివి, కవరును అటూ ఇటూ తిప్పి చూసి, "అవసరమనుకుంటే నేనే చూస్తాను, అప్పటిదాకా ఇక్కడ ఉంటుంది" అని వాయిదా వేశారు. అంతే. దాని కోసం వారం రోజులు నిద్ర లేదు నాకు.

తర్వాతి వాయిదాకు జడ్జిగారు సెలవు. ఆ తర్వాతి దానికి వకీళ్లు కోర్టును బహిష్కరించారు. ప్రతిసారీ నా దగ్గరికి రావాల్సినవాళ్లను వేరే రోజుకు మార్చి, కోర్టులో కూర్చుని తిరిగొచ్చేదాన్ని. కోడలు కూడా డబ్బాతో వచ్చి, డబ్బాతో తిరిగి వెళ్లేది.

చివరికి ఒక వాయిదాలో ఆమెను బోనులోకి పిలిచారు. ముసలావిడ తరఫు వకీలు వయసులో చిన్నవాడు, మర్యాదగానే అడిగాడు.

"విజిల్ వేసే ముందు వెనక తలుపు వైపు చూశారా, లేదా? ఒక్క మాటలో చెప్పండి."

ఆమె బోను కర్రను రెండు చేతులా పట్టుకుంది.

"ఒక్క మాటల చెప్పరాదు సార్. మొదలు చూసిన అని చెప్పిన. గది అబద్ధం కాదు, నాకు గట్లనే కనపడ్డది. తర్వాత చూడలే అనిపిచ్చింది. గది సుత నాకు గట్లనే కనపడ్డది. ఇప్పుడు నన్నడిగితె నాకు తెల్వదు. చూసి ఏసుడు నా పని. చూసిన అని గట్టిగ చెప్పలేకపోతాన. గంతవరకు తప్పు నాదే. ఇంతకన్న నా కాడ నిజం లేదు సార్."

ఆమె భర్త తల పట్టుకున్నాడు. ఆమె వకీలు కాగితాల్లోకి చూస్తూ ఉండిపోయాడు. జడ్జిగారు ఆ మాటలను ఇంగ్లీషులోకి మార్చి టైపిస్టుకు చెప్పారు. ఆమె చెయ్యెత్తి, "సార్, ఏం రాసిండ్రో నాకు తెలుగుల చెప్తరా" అని అడిగింది. ఆయన కళ్లజోడు మీది నుంచి ఒకసారి ఆమెను చూసి, ప్రతి వాక్యం తెలుగులో చెప్పారు. ఆమె విని తలూపింది.

ఇక కౌన్సెలర్ ఫైలుతో పనిలేదన్నాడు ముసలావిడ తరఫు వకీలు. కవరు నాకు తిరిగి ఇచ్చేశారు. సీలు అలాగే ఉంది. చేతిలోకి తీసుకుంటే సంతోషం రావాలి కదా. రాలేదు. కాళ్లు నొప్పులుగా ఉన్నాయి, దాహంగా ఉంది. బయటికొచ్చి నీళ్ల బాటిల్ కొనుక్కుని మెట్ల మీదే కూర్చున్నాను.

కొంతకాలానికి ముసలావిడ ఇంటివాళ్లకు పరిహారం ఇవ్వమని తీర్పు వచ్చింది. డిపో విచారణలో ఆమెను శిక్షగా బస్సు నుంచి తీసేసి, పాసుల కౌంటర్లో కూర్చోబెట్టారు. ఈ సంగతులు నాకు ఆమె చెబితేనే తెలిశాయి. ఒక మధ్యాహ్నం ఫోన్ చేయకుండానే వచ్చింది. బయట మెట్ల మీద కూర్చుని, నా దగ్గరున్నవాళ్లు వెళ్లిపోయాక లోపలికి వచ్చింది.

"నీ మీద కోపం పోలే అక్కా. మొత్తం పోలే" అంది.

"పోకున్నా మంచిదే. వచ్చిండ్రు కదా."

అప్పుడు కోర్టు రోజు సంగతి చెప్పింది. బోను దిగి బయటికొచ్చాక ముసలావిడ కోడలు ఆమె పక్కకు వచ్చి నిలబడిందట. భర్త గాబరాపడి వద్దని లాగాడట. ఈమె కదల్లేదు.

"గామె ఏమన్నదో తెల్సా? మా అత్తకు బస్సు ఆగకముందె దిగుడు అలవాటు, చెప్పి చెప్పి నోరు నొచ్చింది, అన్నది. నాకు ఎందుకు చెప్పిందో తెల్వది. నా మీద జాలి పడ్డదో, అత్త మీద కోపమో. మా ఆయన బండి మీద ఇంటికి పోయిండు, నేను ఆమె ఒక్క బస్సులనే పోయినం. నేను ములుగు రోడ్డుల మా ఇంటికాడ దిగాల్నాయె, దిగలే. ఆమె ఊరి దాక పోయిన. తొవ్వ పొడుగునా ఇద్దరం మాట్లాడలే. ఆమె నిద్రపోయింది, నా భుజం మీద తలకాయ పెట్టి."

"ఆ మాట విన్నంక ఎట్లున్నది?"

"మనసు తేలికైతదనుకున్న. కాలే." చెయ్యి భుజం దాకా పోయి ఆగింది. "అవ్వకు అలవాటున్నా లేకున్నా, చూడాల్సింది నేనే కద. కని నిద్ర పడ్తాంది. కౌంటర్ల కూసునుడు మంచిగనే ఉన్నది. కాలేజీ పోరలు వస్తరు, నవ్వుకుంట లొల్లి చేస్తరు. ఎవ్వలు ఎక్కరు, ఎవ్వలు దిగరు."

మళ్లీ బస్సు డ్యూటీకి వెళ్తారా అని అడిగాను. డిపోవాళ్లు అడగరు, అడిగినా పోను అంది. నేను మనసులో వేరేది కోరుకున్నాను. ఆమె మళ్లీ ఖాకీ వేసుకుని, రద్దీలోంచి తలెత్తి చూసి విజిల్ ఊదాలని, ఫైలు చివర 'పనిలోకి తిరిగి వెళ్లారు' అని రాయాలని. అది నా కోరిక, ఆమెది కాదు.

ఆ తర్వాత రెండుసార్లు వచ్చింది. ఇక అవసరం లేదనుకుంటున్నానని తనే చెప్పింది. ఫైలు మూసే ముందు ముగింపు మాట రాయాలి: ఏ స్థితిలో వచ్చారు, ఏ స్థితిలో వెళ్తున్నారు, ఎందుకు ముగించాం. ఇన్నేళ్లలో వందల ముగింపులు రాసుంటాను. ఈ ఒక్కదానికి చాలా కాగితాలు చింపాను. 'కోలుకున్నారు' అని రాస్తే అబద్ధం. 'కోలుకోలేదు' అన్నా అబద్ధమే. చివరికి ఇంతే రాశాను: 'నిద్ర పడుతోంది. పనికి వెళ్తున్నారు. జరిగింది తనకు పూర్తిగా తెలియదని చెప్పగలుగుతున్నారు. ఇక చాలని ఆమె నిర్ణయించుకున్నారు.'

చదివి వినిపించాను. విని, "సరిగ్గనే ఉన్నది" అంది. సంతకం పెట్టి, కింద ల్యాబులో భర్తకు షుగర్ పరీక్ష చేయించాలని, కాలేజీ పాసుల రద్దీ మొదలుకాకముందే కౌంటరుకు చేరాలని చెప్పి లేచింది. మెట్లు దిగుతున్న చప్పుడు ఆగిపోయేదాకా ఉండి, ఆ ఫైలుకు తాడు కట్టి అరలో పెట్టాను. మెడ పట్టేసింది. కుర్చీలో వెనక్కి వాలి ఒకసారి కళ్లు మూసుకున్నాను. తలుపు బయట ఎవరో తండ్రి, బిడ్డను నెమ్మదిగా బతిమాలుతున్నాడు, "జర లోపలికి పోదాం రా బిడ్డా, ఏం గాదు" అని. లేచి తలుపు తీశాను.